నాన్న బొటనవేలి కింద గీత

“వంటిల్లు పడగొట్టేత్తన్నాం అక్కా. ఓసారి వచ్చి సూసెల్లు” అని తమ్ముడు ఫోన్లో అన్నాడు. నిలబడి మాట్లాడుతున్నదాన్ని కుర్చీలో కూలబడ్డాను. పాపం, వాడు చెప్పింది మంచి మాటే. టాటానగర్ బాగ్‌బేరాలో మా పాత ఇంటి వెనక వంటిల్లు తీసేసి, నల్లరాతి గట్టు, గోడలకి టైల్సు, పొగ లాగే గొట్టం పెట్టి కొత్తది కట్టిస్తున్నాడు. కొడుకు ఉద్యోగంలో చేరాడు, రేపోమాపో కోడలొస్తుంది. అన్నీ సంతోషించాల్సిన సంగతులే. కానీ వంటిల్లు పడగొట్టడమనేది మా ఇంట్లో తేలిగ్గా అనే మాట కాదు. అప్పటికి వాడు అమ్మ చంకలో ఉన్నాడు కనక వాడికి తెలీదు, నాకు తెలుసు. విజయనగరంలో మా ఇంట్లో ఫోను పెట్టేసి అలాగే కూచున్నాను. మా ఆయన వచ్చి “ఎవరికేమైంది?” అని కంగారు పడ్డాడు. “మనుషులకి కాదు, వంటింటికి” అన్నాను. ఆయన నా వైపు అదోలా చూసి, ఎందుకైనా మంచిదని టాటానగర్‌కి టిక్కెట్టు తీశాడు.

మాది రైల్వే యార్డు పక్క వరస. ముందు రోడ్డు, వెనక పట్టాలు, మధ్యలో మా ఇళ్ళు. వరసంతా తెలుగువాళ్ళమే. బొబ్బిలి, పలాస, సోంపేట వైపుల నుంచి ఒకళ్ళని చూసి ఒకళ్ళు వచ్చి రైల్వేలోనో, కార్ఖానా కాంట్రాక్టు పనుల్లోనో పడ్డవాళ్ళు. ముందుగది ఎవరిదైనా ఒకటే కొలత. దాని వెనక ఎవరి ఓపికని బట్టి వాళ్ళు మట్టిగోడలు లేపి, పెంకులు పరిచి వంటిళ్ళు వేసుకున్నారు. వాటికి కాయితాలేవని అడగడానికి ఎవరూ రాలేదు, వస్తారని మావాళ్ళూ అనుకోలేదు. సాయంత్రమయ్యేసరికి బొగ్గుల పొయ్యిలన్నీ వీధిలోకి వచ్చేవి. ఇనప బకెట్టుకి లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యిలు అవి. అడుగున పిడక రాజేసి, పైన బొగ్గు పేర్చి, పొగంతా పోయి ఎర్రబడ్డాక గుడ్డతో పట్టుకుని లోపలికి తీసుకెళ్ళేవారు. ఆ పొగలో ఎదుటి మనిషి ఆనేవాడు కాదు, దగ్గుని బట్టి ఎవరో పోల్చుకునేవాళ్ళం. ఆరోగ్యానికి అదెంత చేటో ఇప్పుడు పిల్లలు నాకు పాఠాలు చెప్తారు గానీ, ఎక్కడైనా బొగ్గు పొగ వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముందు ఆకలే వేస్తుంది.

మా నాన్న పేరు సూరి. యార్డులో నంబర్‌టేకరు. వచ్చిన ప్రతి గూడ్సు బండి పక్కనా ఆ చివర్నించి ఈ చివరికి నడుచుకుంటూ, పెట్టెల మీది నంబర్లు రాసుకోవడం ఆయన పని. ఒక్క అంకె తప్పితే ఇనుం దిగాల్సిన ఊళ్ళో ఉప్పు దిగుతుందని గొప్పగా చెప్పేవాడు. ఇంటికొచ్చినా ఆ జబ్బు వదిలేది కాదు. రిక్షా వెనక నంబరు, కరెంటు స్తంభం మీద నంబరు, సబ్బు పెట్టె మీద నంబరు, ఏది కనబడితే అది పైకి చదివితేగానీ ఆయనకి తోచేది కాదు. “ఈ మనిసి పెళ్ళిలో నా మొగం సూడనేదు. కుర్సీల ఎనకాల నంబర్లు సూసుకుంతా కూకున్నాడు” అని అమ్మ దెప్పేది. వరసలో ఎవరికి ఏ కాయితం వచ్చినా మా వాకిట్లోకే వచ్చేది. “సూరన్న సదివితే అంకె తప్పదు” అనేవారు. ఆ మాట విన్నప్పుడు నాన్న చొక్కా కాలరు ఓసారి సర్దుకునేవాడు.

వంటిల్లు మాత్రం మామ్మది. మామ్మంటే నాన్న తల్లి. వంటా అక్కడే, తిండీ అక్కడే, పడకా అక్కడే. వంటింటి వెనకగోడ మీద పేరంటాలు ఉండేది. మా వైపు ఇళ్ళలో పసుపుకుంకాలతో పోయిన ఆడమనిషిని పేరంటాలని గోడ మీద నిలుపుకుంటారు. బొమ్మ ఉండదు, పటం ఉండదు. గోడకి పసుపు పూసి కుంకం బొట్లు పెడతారు, అంతే. మా గోడ మీద ఉన్నది నరసత్త, నాన్నకి ఒక్కగానొక్క చెల్లెలు. పురిటికని మా ఇంటికొచ్చి ఆ వంటింట్లోనే పోయింది, బిడ్డా దక్కలేదు. ఏడాది తిరక్కుండా ఆవిడ మొగుడు మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్తకోడలు అడుగుపెట్టిన ఇంట్లో పాత కోడలి పసుపెందుకని అత్తవారు గోడ కడిగేశారు. ఆ సంగతి తెలిసిన రోజునే మామ్మ మా వంటింటి గోడకి పసుపు పూసింది. “దానికి ఆళ్ళింట సోటు నేకపోతే నా ఇంట ఉంతాది” అందిట. అప్పట్నుంచీ ఉడికిన అన్నంలో మొదటి ముద్ద ఆ గోడ దగ్గర పెట్టి, తరవాతే మాకు వడ్డించేది. నేను ఆకలికి ఆగలేక గునిస్తే “ఉండవే గుంటా, మీ అత్త తిననీ” అని కసిరేది. నేను పుట్టకముందే పోయిన మనిషి రోజూ నాకన్నా ముందు తింటోందని నాకు కొంచెం ఉక్రోషంగా కూడా ఉండేది.

నేను హైస్కూల్లో ఉండగా, మా వరసకీ యార్డుకీ మధ్య హద్దుగోడ కడతారని మాట పుట్టింది. కొత్త పట్టాలు వేస్తారు, గోడకి అడ్డొచ్చినవన్నీ తీసేస్తారు. గోడ ఎక్కడొస్తుందో మాత్రం ఎవరికీ తెలీదు. ఒకరోజు మొత్తం ఇళ్ళు పోతాయనేవారు, మర్నాడు ఏమీ పోవనేవారు. పొయ్యిల దగ్గర ఆడవాళ్ళకి అదే ధ్యాస. ఈ గొడవంతా వినలేక నాన్న, గోడ కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాసే మున్షీని పట్టుకున్నాడు. అసలు మ్యాపు దుప్పటంత ఉందట, బయటికివ్వరట. మున్షీ మంచివాడు. సాక్చి బజార్లో అప్పుడే జెరాక్సు మిషను వచ్చింది. అక్కడ కాపీ తీయించి తెచ్చి “లో సూరీ భాయీ, ఘర్ మే బైఠ్‌కే ఆరామ్ సే దేఖో” అని, ఇంట్లో కూచుని తీరిగ్గా చూసుకోమని నాన్న చేతిలో పెట్టాడు. ఆయన మీద నాకు ఎప్పుడూ కోపం రాలేదు. మేలు చేద్దామనే చేశాడు, మాకూ మేలు చేసినట్టే అనిపించింది.

ఆ ఆదివారం పొద్దున్న వాకిట్లో నులకమంచం వేసి దాని మీద మ్యాపు పరిచారు. వరసంతా వచ్చేసింది. పట్టాల మీద బండి వెళ్ళినప్పుడల్లా గాలికి కాయితం లేస్తుంటే, నాన్న ఒక మూలన బొటనవేలు గట్టిగా అదిమి పట్టుకుని, రెండో చేత్తో ఒక్కొక్కటే చూపించాడు. ఇదీ మన రోడ్డు, ఇదీ తూము, ఇదీ బావి, ఇవి పట్టాలు. పక్కింటి గౌరమ్మత్త మంచం మీదికి వంగి వెతికి వెతికి “మరి మనిళ్ళేవి సూరన్నా?” అంది. నాన్న కూడా వెతికాడు. రోడ్డుకీ పట్టాలకీ మధ్య తెల్ల కాయితం తప్ప ఏమీ లేదు. అక్కడ నిలబడ్డ మనుషులెవరూ ఆ కాయితంలో లేరు. గౌరమ్మత్త అయితే వెనక్కి తిరిగి తన ఇంటి గుమ్మం ఉందో లేదో చూసుకుంది. నవ్వులాటకి రాయడం లేదు, నిజంగానే చూసుకుంది.

ఇళ్ళు గీయలేదు గనక గోడ ఎక్కడొస్తుందో కొలిచి తెలుసుకోవాల్సిందే. మ్యాపు నెత్తిన ఇంగ్లీషులో “ఒక అంగుళం అంటే నలభై అడుగులు” అని రాసుంది. నాన్న అది రెండుసార్లు పైకి చదివి, నన్ను స్కేలుబద్ద తెమ్మన్నాడు. రోడ్డు అంచు నుంచి గోడ గీత దాకా పెట్టి చూశాడు. సరిగ్గా రెండంగుళాలు. “ఎనబై అడుగులు” అన్నాడు. ఆ తరవాత యార్డు నుంచి తెచ్చిన టేపు చివర నా చేతికిచ్చి రోడ్డు అంచున నిలబెట్టి, మిగతాది విప్పుకుంటూ వాకిలి దాటి, ముందుగది దాటి, దొడ్డి దాటి వెళ్ళాడు. జనమంతా ఆయన వెనకే వెళ్ళారు. రోడ్డు మీద నేనొక్కదాన్నే టేపు పట్టుకుని మిగిలాను. లోపల్నుంచి కాసేపు ఏ చప్పుడూ రాలేదు. ఆ తరవాత మామ్మ ఒక్క కేక పెట్టింది. నేను టేపు వదిలేసి పరిగెత్తాను. ఎనభై అడుగులూ వెళ్ళి వెళ్ళి పేరంటాలి గోడకి జానెడు ఇవతల ఆగాయి.

“సరిగ్గా సూడు సూరన్నా, నీ కాళ్ళట్టుకుంతాను” అంది గౌరమ్మత్త. ఆవిడ వంటిల్లూ మా వంటింటి పక్కనే, అదే వరసలో. “రెండంగుళాలు రెండంగుళాలే గౌరీ. నాను మార్సితే అంకె మారతాదేటి?” అన్నాడు నాన్న. పట్టాల వైపు నుంచి కూడా కొలిచి చూద్దామని ఎవరికీ తోచలేదు. అటు షంటింగు ఇంజిన్లు తిరుగుతుంటాయి, పైగా కొలిచింది సూరన్న. ఆయన చదివాక ఇక అనుమానం ఏముంది?

మా వరసలో ఒక పద్ధతి ఉండేది. పైవాళ్ళు వచ్చి కూలగొడితే ఒక్క పెంకు కూడా మిగలదు, ద్వారబంధం కట్టెలకింద పోతుంది. అందుకని పోయేదాన్ని మన చేత్తో మనమే విప్పుకోవాలి. అదివరకు ఎక్కడెక్కడో బస్తీల్లో ఉండి ఖాళీ చేసి వచ్చినవాళ్ళు నేర్చుకున్న తెలివి అది. వచ్చే ఆదివారానికి అన్ని వంటిళ్ళూ విప్పేయాలని నిర్ణయమైంది. మగవాళ్ళు కప్పు మీద, ఆడవాళ్ళు కింద, మధ్యలో పిల్లలం. పొగచూరి నల్లబడ్డ పెంకులు ఒక చేతి నుంచి ఒక చేతికి దిగుతుంటే, ఎవరింటి పెంకులు వాళ్ళ ముందుగదిలో పేర్చారు. ఒక్క పెంకు కూడా పగల్లేదు. ఎంత జాగ్రత్తగా విప్పుకున్నామో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మామ్మ పేరంటాలి గోడకి వీపు ఆనించి కూచుంది. నెత్తి మీద కప్పు పోయి ఎండ పడుతున్నా లేవలేదు. నాన్న ఆవిడ ఎదురుగా గొంతుక్కూచుని “అమ్మా, పైనోళ్ళు వచ్చి గునపాలేసి పొడిస్తే నరసకి అవమానం కాదేటే? నా సెల్లిని నా సేత్తో నాను తీసుకుంతాను” అన్నాడు. మామ్మ ఆయన మొహం కేసి చూసింది. “నిజంగా గోడొత్తాదేట్రా ఇక్కడికి?” అంది. “అంకె సెప్పినాదమ్మా” అన్నాడు నాన్న. అప్పుడు లేచింది. నాన్న చెంబుతో గోడకి నీళ్ళు చల్లి, తాపీతో మెల్లగా గీకితే పచ్చటి మట్టి పెళ్ళలుగా ఊడొచ్చింది. ఎన్ని శుక్రవారాల పసుపో, అరచేయి మందం ఉంది. మామ్మ చీర కొంగు పట్టి అదంతా అందులో పట్టుకుంది. నాన్న ఏడవలేదు గానీ, గోడ మీద మొదటి దెబ్బ వేయడానికి చెయ్యెత్తి, దించి, మళ్ళీ ఎత్తాడు.

ఆ రోజు ముందుగదిలోనే పొయ్యి పెట్టి అమ్మ అన్నం వండింది. మామ్మ అలవాటుగా మొదటి ముద్ద చేతిలోకి తీసుకుని లేచింది. లేచి నిలబడి నాలుగు వైపులా చూసింది. ముద్ద ఎక్కడ పెట్టాలో ఆవిడకి తెలియలేదు. మేమందరం కంచాల ముందు బిత్తరపోయి కూచున్నాం. ఆఖరికి ఆ ముద్ద మళ్ళీ గిన్నెలో వేసేసి, చెయ్యి కడిగేసుకుంది. “నరసకి సోటు నేని ఇంట నాకు కూడెలా దిగుతాది?” అంది. రెండు రోజులు టీ నీళ్ళ మీద ఉండి, గౌరమ్మత్త తమ్ముడు ఊరెళ్తుంటే వాడితో బయల్దేరింది. సోంపేట దగ్గర పల్లెలో మామ్మకి తమ్ముడున్నాడు. చీర మూటలో పసుపు మట్టి పెట్టుకుని స్టేషనుకి నడిచి వెళ్ళిపోయింది. గోడ పని అయ్యాక తీసుకొస్తానని నాన్న వెనకాలే చెప్తూ నడిచాడు, మామ్మ తిరిగి చూడలేదు.

కొలతలవాళ్ళు ఆ తరవాత వచ్చారు. మూడు కాళ్ళ యంత్రం, గొలుసు, సున్నం డబ్బా, ఇనప మేకులు. వాళ్ళు పట్టాల వైపు నుంచి మొదలుపెట్టారు. మేమంతా విప్పేసిన వంటిళ్ళ మట్టి కుప్పల దగ్గర నిలబడి చూస్తున్నాం. గొలుసు ఆగింది. మేకు దిగింది. మా దగ్గర కాదు, బూడిద పోసే గుంట అవతల, ముళ్ళతుప్పల్లో. ఎవరూ కదల్లేదు. దారి మధ్యలో ఏదో గుర్తు పెట్టుకుంటున్నారు కాబోలు, అసలు మేకు ఇంకా వేయాలి కాబోలు అనుకున్నాం. రెండో మేకూ తుప్పల్లోనే దిగింది, మూడోదీ అక్కడే. నాన్న గబగబా వెళ్ళి “సాబ్, యే ఖూంటా గలత్ జగహ్ మే హై” అని, మేకు తప్పు చోట పడిందని చెప్పాడు. వాళ్ళ ఓవర్సీరు నవ్వి “గలత్ కైసే? నక్షే మే జహాఁ హై, వహీఁ హై” అన్నాడు, మ్యాపులో ఎక్కడుందో అక్కడే వేశామని. ఆ మేకుకీ మా మట్టి కుప్పకీ మధ్య, అలాంటి వంటిళ్ళు ఇంకో రెండు లేపుకోవచ్చు.

ఆ క్షణాన మా వరస ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. గౌరమ్మత్త మట్టిలో కూలబడిపోయి “నా వంటిల్లు ఏటి పాపం సేసినాది సూరన్నా?” అంది, అరిచి కూడా కాదు, నెమ్మదిగా. తిట్టినా బాగుండేది, నాన్న తట్టుకునేవాడు. మర్నాటి నుంచీ మా వాకిట్లోకి కాయితాలు రావడం మానేశాయి, రోడ్డవతల హిందీ బాబు దగ్గరికి వెళ్ళేవి. నాన్న డ్యూటీ నుంచి రాగానే మ్యాపు పరిచి, స్కేలుబద్ద పెట్టి కొలిచేవాడు. రెండంగుళాలే వచ్చేవి. మర్నాడు మళ్ళీ కొలిచేవాడు. “అంకె తప్పు నేదు. అంకె తప్పు నేదు” అని గొణుక్కునేవాడు. రిక్షాల నంబర్లు చదవడం మానేశాడు. అదివరకు విసుక్కున్న అమ్మే ఒకరోజు సబ్బు పెట్టె ఆయన ముందు పెట్టి “దీన్మీద ఏటి రాసుందో సూడు” అంది. ఆయన చూసి పక్కన పెట్టేశాడు.

మా తెలుగు బడిలో భూగోళం చెప్పే మేస్టారు ఇచ్ఛాపురం మనిషి. తెలుగులో ఒడియా కలిసిపోయేది. సరిగ్గా ఆ రోజుల్లోనే పటాలు చదవడం పాఠం వచ్చింది. పటం కింద కొలమానాన్ని మాటల్లో రాయొచ్చు, లేదా ఒక గీత గీసి, దాన్ని గళ్ళుగా విడగొట్టి, ఇంత గీత అంటే నేల మీద ఇంత దూరమని చూపించొచ్చని చెప్పాడు. ఒకటి చాలదా, రెండెందుకని ఎవరో అడిగారు. మేస్టారు జేబులోంచి ఎర్ర బుడగ తీసి ఊదాడు. ఊదిన బుడగ మీద పెన్నుతో ఒక చెరువు గీశాడు, ఒక ఊరు గీశాడు. కింద “అంగుళానికి ఒక మైలు” అని రాసి, ఆ పక్కనే అంగుళం గీత గీశాడు. తరవాత మెల్లగా గాలి వదిలాడు. చెరువు చిన్నదైంది, ఊరు చెరువు దగ్గరికి జరిగింది, గీత కూడా వాటితోపాటే కుంచించుకుపోయింది. “ఇప్పుడు సదవండి. అంగుళానికి మైలు అనే ఉంది కదా? అచ్చరాలు చిన్నవైనాయి, మాట మారలేదు. ఆ మాట ఇప్పుడు అబద్దం. గీత మాత్రం పటంతోపాటు తగ్గింది, అది అబద్దం ఆడదు. బుఝిలా, అర్దమైందా?” అన్నాడు.

నాకు బుఝయింది. దుప్పటంత మ్యాపు మంచానికి సరిపోయే కాయితంలోకి ఎలా వచ్చిందని మేమెవ్వరం అడగలేదు. జెరాక్సు మిషను దాన్ని తగ్గించింది. “ఒక అంగుళం అంటే నలభై అడుగులు” అన్న మాట తగ్గకుండా అలాగే ఉండిపోయింది. నాన్న ఆ మాట నమ్మాడు. కడుపునొప్పని అబద్ధం చెప్పి బడి నుంచి ఇంటికి పరిగెత్తాను. పెట్టె మీద మ్యాపు మడత విప్పాను. కింద మూలన నలుపూ తెలుపూ గళ్ళతో చిన్న గీత ఉంది. అందానికి గీసిన అంచనుకున్నాం మేమంతా. నలభై అడుగులని రాసున్న చోటికి స్కేలుబద్ద పెట్టాను. అంగుళం ఉండాలి. ముప్పావంగుళమే ఉంది. అంటే రెండంగుళాలకి ఎనభై కాదు, నూరడుగులు దాటతాయి. నా కళ్ళు నేనే నమ్మలేదు. ఇంకో సంగతి, ఆ గళ్ళు సగం కనబడకుండా ఒక మసి మరక పడి ఉంది. పట్టి చూస్తే అది వేలిముద్ర. ఆ ఆదివారం గాలికి కాయితం లేవకుండా నాన్న అదిమి పట్టుకున్నది ఆ మూలనే.

అమ్మకి చెప్తే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “మీ నాన్నకి సెప్పకే. బతకడు” అంది. నేనాగలేకపోయాను. ఆయన తప్పు లెక్క కట్టలేదని ఆయనకి తెలియాలనిపించింది. సాయంత్రం పొయ్యిలు వీధిలో ఉండగా నాన్న వచ్చాడు. బుడగ సంగతి, మిషను సంగతి, గీత సంగతి అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాను. “అయితే అంకె తప్పు కాదన్నమాట!” అన్నాడు. ఎన్నో రోజుల తరవాత ఆ మొహంలో వెలుగు చూశాను. ఆ వెలుగు ఎంతోసేపు లేదు. మ్యాపు దగ్గరికి లాక్కుని, నేను చూపించిన మూల చూసి, మరక చూసి, తన బొటనవేలు తెచ్చి దాని మీద పెట్టాడు. సరిగ్గా సరిపోయింది. “నా ఏలు కిందే ఉన్నాది పైడీ” అన్నాడు నాతో. చేతిని అలా ఎదురుగా పెట్టుకుని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు.

ఆ మర్నాడు అమ్మ ఎంత ఆపినా వినకుండా మ్యాపు చంకలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గుమ్మంలోనూ అదే మాట: గీత ఉంది, నేను చూడలేదు. కొందరు మొహం తిప్పుకున్నారు. గౌరమ్మత్త మాత్రం అంతా విని, “పోన్లే అన్నయ్యా. పెంకులు పగల్నేదు కదా. ఎక్కించుకుందాం. నువ్వు సదవకపోతే మాకెవులు సదూతారు?” అంది. అంతవరకూ కన్నీరు పెట్టని మా నాన్న ఆవిడ గుమ్మంలో నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వరసంతా కలిసి మళ్ళీ మట్టి తొక్కి, పాత చోటే వంటిళ్ళు లేపారు. మా వంటిల్లు పూర్తయ్యాక నాన్న, నేనూ మామ్మని తీసుకురావడానికి వెళ్ళాం.

మామ్మ తమ్ముడి ఇంట్లో పొయ్యి దగ్గర కూచుని ఉంది. ఆవిడ వెనక గోడ మీద పసుపు, కుంకం బొట్లు. మా ఇంటి నుంచి తెచ్చుకున్న మట్టిని తడిపి ఆ గోడకి మెత్తిందట. నాన్న ఆవిడ ముందు మ్యాపు పరిచి, గీత చూపించి, తన వేలు చూపించి అంతా చెప్పాడు. మామ్మకి చదువు రాదు. అయినా వంగి శ్రద్ధగా చూసింది. “ఇందుల మన నరసేదిరా?” అంది. “నేదమ్మా. మనిల్లే నేదు ఇందుల” అన్నాడు నాన్న. “అయితే ఈ కాయితానికి అది ఉన్నట్టే తెల్దు” అంది మామ్మ. కోపం లేదు ఆ గొంతులో. నాన్న తల వంచుకుని “వంటిల్లు మళ్ళీ కట్టినానమ్మా. అదే సోటు. రా, ఎల్దాం” అన్నాడు. మామ్మ గోడ వైపు చూసి, నాన్న తల మీద చెయ్యి వేసింది. “దాన్ని అత్తోరు ఒకసారి కదిపేసినారు. నువ్వు ఒకసారి కదిపినావు. మూడోసారి నాను కదపనురా సూరీ. నువ్వెల్లు” అంది. నేను నాన్న చెయ్యి పట్టుకున్నాను. తల్లి రాననడమన్నది ఆయన ఊహలోనే లేదు. మామ్మ ఆ తరవాత టాటానగర్ గడప తొక్కలేదు. నాన్న బతికినన్నాళ్ళూ మొదటి ముద్ద కలిపి, ఒక్క క్షణం చెయ్యి ఆపి, అప్పుడు తినేవాడు.

మొన్న నేను వెళ్ళేసరికి వంటిల్లు అప్పటికే పడగొట్టేశారు. మిషను పెట్టి గంటలో నేల చదును చేశారట. ఒక చేతి నుంచి ఒక చేతికి అందుకోవడాలు లేవు, విరిగిన పెంకులు గుట్టగా పోసి ఉన్నాయి, ఎవరికీ బాధ లేదు. బొగ్గుపొగ ఎప్పుడో పోయింది. హద్దుగోడ మాత్రం అక్కడే, మాకు అంత దూరంలో, మీద రంగు వెలిసిపోయిన పోస్టర్లతో నిలబడి ఉంది. మా ఇంటికీ దానికీ మధ్య నేల ఇప్పటికీ ఖాళీగానే ఉంది. నేను ఆ ఖాళీ నేలకేసి చూస్తూ నిలబడితే మేనల్లుడు వచ్చాడు. వాడికి తెలుగు అర్థమవుతుంది గానీ నోట హిందీయే వస్తుంది. మామ్మ సంగతి, వాళ్ళ తాత సంగతి చెప్పాను. విని ఏమనుకున్నాడో, ఫోన్లో మ్యాపు తెరిచి నా చేతిలో పెట్టాడు. మా ఇల్లు ఉంది అందులో. రోడ్డుకీ పట్టాలకీ మధ్య, కప్పుతో సహా, గౌరమ్మత్త వాళ్ళ ఇంటి పక్కనే. ఆ రోజు వరసంతా కళ్ళు చిట్లించి వెతికినా దొరకని ఇల్లు! నాన్న ఉంటే చూపించేదాన్ని కదా అని ఏడుపొచ్చింది.

“మామ్మ ఊరు చూపించరా” అన్నాను. వాడు నా పక్కన నిలబడి రెండు వేళ్ళతో తెరని దగ్గరికి నొక్కాడు. మా ఇల్లు చుక్కయింది, చుక్క పోయింది, నదులొచ్చాయి, సముద్రం అంచు వచ్చింది. సోంపేట పేరు కనబడింది. ఎంత దూరమో తెలుసుకుందామని ఫోను గట్టిగా పట్టుకుని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాను. వాడు కాసేపు చూసి, నవ్వుతూ అన్నాడు.

“బువా, అంగూఠా హటావో నా. నీచే స్కేల్ హై, ఆప్‌కే అంగూఠే సే ఛుప్ గయా.”

వేలు తియ్యత్తా అంటున్నాడు. కిందికి చూశాను. తెర మూలన, నా బొటనవేలి కింద ఉంది గీత. ఆ వేలు తీయడానికి నాకు చాలాసేపు పట్టింది.